వంగ మొక్కకు మెడ కనబడాలి

ఈమధ్య మా పరిశోధనా కేంద్రంలో కొత్తగా చేరిన పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచారు. రిటైరైన మనిషి చేతికి మైకు ఇస్తే ఏమవుతుందో వాళ్ళకు తెలియదు పాపం. నేను మాంచి ఊపులో ఉండగా ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఇన్నేళ్ళూ మీరు అసలు ఏం చేశారు?" అని అడిగింది. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే. హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"వంకాయకు కాళ్ళు మార్చానమ్మా" అన్నాను.

ఆ జవాబునే కాస్త వివరంగా రాద్దామని ఇప్పుడు కూర్చున్నాను. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఏ ఫైలు ఏ బల్ల మీద ఆగింది లాంటివి ఇందులో ఉండవు. వాటిని తలచుకుంటే నాకే ఆవలింతలు వస్తాయి. ఉద్యోగంలో నన్ను నవ్వించినవీ, నాలుగు రోజులు తిండి సహించకుండా చేసినవీ మాత్రమే రాస్తాను. నిజం చెప్పాలంటే నవ్వించినవే ఎక్కువ.

ముందు పని ఏమిటో చెప్పాలి. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏటి ఒడ్డు ఇసుక నేలల్లో కూరగాయలు వేసేవాళ్ళకు ఒక శత్రువు ఉంది. మట్టిలో ఉంటుంది, కంటికి కనబడదు. దాన్ని నులిపురుగు అంటాం. అది వేళ్ళలో దూరి కాపురం పెడుతుంది. అది దూరిన చోటల్లా వేరు ఉబ్బి బుడిపెలు కడుతుంది. మొక్క కాళ్ళ కింద నీళ్ళుంటాయి, పైన ఆకులు మాత్రం వేలాడిపోతుంటాయి. గుళికల మందు చల్లితే ఆ పంటకు తగ్గినట్టు తగ్గి, మళ్ళీ పంటకు చుట్టాలను వెంటబెట్టుకుని వస్తుంది.

అందుకని మేము పురుగు జోలికి పోకుండా వేళ్ళ జోలికి పోయాం. అడవి వంగ జాతుల వేళ్ళలో ఈ పురుగు బతకలేదు. కింద ఆ అడవి మొక్క, పైన జనం తినే వంగ, రెండింటినీ లేతగా ఉన్నప్పుడే కోసి అంటు కడతాం. ద్రాక్షతోటల వాళ్ళు ఈ పద్ధతిని ఎప్పటినుంచో చేస్తున్నారు, మేము వంకాయకు తెచ్చుకున్నాం. కింద ఉండే ఆ వేరుమొక్కను సంకరం చేసి, ఎంపిక చేసి, రైతుకు పనికొచ్చేలా తయారు చేయడం నా ఉద్యోగం. కాయ గురించి అందరూ మాట్లాడతారు. వేరు గురించి మాట్లాడేవాళ్ళం తక్కువమందిమి, అందుకే మాకు ఒకరంటే ఒకరికి ఇష్టం.

అతుకంటే పడని ఇల్లు

మాది బొబ్బిలి. మా నాన్న వీణలు చేసేవాడు. ఒకే పనస దుంగలోంచి కుండ, దండి కలిపి వీణ మొత్తం తొలిచే ఇల్లు మాది. ముక్కలు చేసి అతికించేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. 'అతుకు' అనేది ఆయన నోట తిట్టు. నేను అంటుకట్టే ఉద్యోగంలో చేరానని తెలిసిన రోజు కంచం ముందు కూర్చున్నవాడు కంచాన్ని పక్కకు జరిపాడు.

"ఏటే, సదువంతా సదివి అతుకులెయ్యడానికా?" అన్నాడు.

"మొక్కలు నాన్నా, వీణలు కాదు."

"ఏదైతేనేటి. అతుకున్నకాడ నాదం ఆగిపోతాది."

"వంకాయకు నాదమేమిటి నాన్నా?"

"రుసి ఉన్నాది గదా. అదాగిపోతాది."

మా అమ్మ కడుపు చేత్తో పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి ఇంట్లో నా పేరు అతుకులమ్మ. సెలవుకు ఇంటికి వెళితే వీధిలోంచే, "అతుకులమ్మ వచ్చినాది, మంచినీల్లియ్యండి" అని కేకేసేవాడు.

అయినా నా చేతులకు మొదటి పాఠం ఆయన దగ్గరే. ఉలి మొద్దుబారితే పని ఆపేసి నూరుకునేవాడు, ఎంత తొందరలో ఉన్నా సరే. మొద్దు ఉలితో తొలిస్తే చెక్క నలుగుతుందనేవాడు. లేత కాండం సంగతీ అంతే. బ్లేడు మొద్దుబారితే కోత నలిగిపోతుంది, నలిగిన కోత కలవదు. మా షెడ్డులో నేను అరిచిన అరుపుల్లో సగం బ్లేడు మార్చని వాళ్ళ మీదే.

మా అంటు మొక్కలకు కాసిన మొదటి వంకాయలు పట్టుకెళ్ళి అమ్మ చేత ఆవపెట్టి కూర చేయించాను. నాన్న తిన్నాడు. మళ్ళీ వేయించుకుని తిన్నాడు. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. చేయి కడుక్కుంటూ, "ఉప్పు సాల్నేదు" అన్నాడు. మా నాన్న సంగతి తెలిసినవాళ్ళకు అది ఎంత పెద్ద మెచ్చుకోలో అర్థమవుతుంది. నేను ఆ రోజంతా గాలిలో నడిచాను.

పీకుడు సారు

నా మొదటి పై అధికారిని రైతులు పీకుడు సారు అనేవాళ్ళు. ఆయన ఎవరి తోటకు వెళ్ళినా అన్నిటికంటే పచ్చగా, ఏపుగా ఉన్న మొక్క దగ్గర ఆగి, "బాగుందయ్యా" అని మెచ్చుకుని, ఒక్క గుంజు గుంజి వేళ్ళతో సహా పైకి లాగేసేవాడు. రైతు నోరెళ్ళబెట్టేవాడు. ఆయన ఆ వేళ్ళను కాలవలో కడిగి ఎండకు ఎత్తి చూసేవాడు. దూరాన ఆయన స్కూటరు కనబడితే చాలు, "పీకుడు సారొస్తన్నాడు, మంచి మొక్కలకడ్డంగా నిలబడండి" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, వాడిన మొక్కను పీకవచ్చు కదా, బాగున్నదాన్ని పీకుతారెందుకని.

"వాడింది ఎందుకు వాడిందో చూడటానికి అందరూ వస్తారమ్మా. బాగున్నది ఎందుకు బాగుందో చూసేవాడు ఒకడు ఉండాలి కదా" అన్నాడు.

అప్పుడు నాకది పెద్ద మాటగా తోచలేదు. ఆయన నా చేత ఒక పంటకాలం మొత్తం వేళ్ళు కడిగించాడు. పురుగున్న మట్టి నింపిన కుండీల్లో మొక్కలు పెంచడం, తరువాత మెల్లగా తీసి కడిగి బుడిపెలు వెతకడం, అదే పని. ఇంత చదువు చదివింది దీనికా అని లోపల సణుక్కున్నాను. ఆ సణుగుడు తగ్గేసరికి, వేరును వేళ్ళతో తడిమితే బుడిపె ఉందో లేదో కళ్ళు మూసుకుని చెప్పే స్థితికి వచ్చాను. ఆయనకు కోపం ఎక్కువ, పొగడటం రాదు, టీ మాత్రం ఎప్పుడూ ఒక్కడే తాగేవాడు కాదు. మంచి అధికారి అంటే ఇప్పటికీ నాకు ఆయనే గుర్తొస్తాడు.

పురుగుని గాదు, మమ్మల్నే కరుస్తన్నాది

అడవి వంగను సాగు వంగతో సంకరం చేయడం మీరు అనుకున్నంత తేలిక కాదు. విచ్చుకోబోయే మొగ్గను చూసి, అందులోని పుప్పొడి తిత్తులను చిన్న పట్టకారుతో తీసేసి, రెండో జాతి పుప్పొడిని అద్ది, కాగితం తొడుగు వేయాలి. కాయ పడుతుంది. మనం సంబరపడతాం. కోసి చూస్తే గింజలన్నీ తాలు. మళ్ళీ మొదలు. అలా పోగా పోగా ఒక కాయలో నాలుగు నిండు గింజలు దొరికాయి. వాటిని నేను చూసినట్టు మా ఇంట్లో బంగారాన్ని కూడా ఎవరూ చూసి ఉండరు.

వాటి సంతానంలోంచి ఒక వేరుమొక్క తేలింది. పురుగు మట్టిలో పెట్టినా వేరు తెల్లగా, నున్నగా ఉంది. నా అంతటిది లేదనుకుని అంటుకట్టే షెడ్డుకు పంపాను. ఆ సాయంత్రమే షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు అందరూ కలిసి నా గదికి వచ్చారు. చేతులు చాపి చూపించారు. వేళ్ళ నిండా గీతలు, ముళ్ళు గుచ్చుకున్న చుక్కలు.

"మేడమ్, మీ మొక్క పురుగుని గాదు, మమ్మల్నే కరుస్తన్నాది" అంది అందులో పెద్దావిడ.

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. పురుగును తట్టుకుంటే చాలదు. గింజ తొందరగా మొలవాలి. అన్నీ ఒకేసారి మొలవాలి. కాండం పై మొక్క కాండంతో సమానమైన లావుండాలి. అన్నిటికీ మించి అంటుకట్టే చేతికి అది లొంగాలి. ఆ మొక్కను పక్కన పెట్టి ముళ్ళు లేనిదాని కోసం మళ్ళీ సంకరాలు చేశాను. దొరకడానికి కొన్నేళ్ళు పట్టింది. దొరికిన రోజు షెడ్డులో జిలేబీలు పంచాను. ఆ పెద్దావిడ లేత కాండాన్ని బుగ్గకేసి రాసుకుని, "ఇప్పుడు సంటిపిల్ల లాగున్నాది" అంది.

ఆ ముళ్ళు లేని మొక్కే నేను ఇప్పుడు చెప్పబోయే అసిరమ్మ తోటకు వెళ్ళింది.

అసిరమ్మ చోటు

రాజాం నుంచి బస్సెక్కి కొంత దూరం పోయి దిగి నడిస్తే నాగావళి ఒడ్డున ఒక ఊరు. ఊరి పేరు రాయను, రాస్తే అసిరమ్మ ఊరుకోదు. వాళ్ళది చారల వంకాయ, గుండ్రంగా ఉంటుంది, ఊదా మీద తెల్ల చారలు. నూనెలో పడగానే వెన్నలా కరుగుతుంది. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఆ వంకాయ కోసం ముందే చెప్పుకునేవాళ్ళు. నులిపురుగు దెబ్బకు ఒక్కొక్క ఇల్లూ దాన్ని మానేసింది. చివరకు మిగిలింది అసిరమ్మ ఒక్కతే.

అసిరమ్మ భర్త విశాఖపట్నంలో పనిచేస్తాడు. పొలం ఆయనకూ తమ్ముడు సింహాచలానికీ ఉమ్మడి. మధ్యలో ఒక బోదె కాలవ, అటు సగం వదినది, ఇటు సగం మరిదిది. సింహాచలం మంచివాడే, పనంటే మాత్రం ఆమడ దూరం. వంగ వరసగా పోతుండటం చూసి, పొలం మొత్తం సరుగుడు వేసేద్దామని పట్టుబట్టాడు.

"సరుగుడైతే ఏసినామా, తొంగున్నామా, కొట్టినామా. అంతే మేడమ్. మా వొదినకి పని పిచ్చి" అన్నాడు నాతో.

అసిరమ్మ ఆ మాట విననట్టే నా వైపు తిరిగింది.

"మేడమ్మా, రాజాం బజార్లో నా గోనె పరిసే సోటొకటున్నాది. రెండ్రోజులు నాను ఎల్లకపోతే అందరూ అడుగుతారు, అసిరమ్మేది, రానేదేటి అని. సరుగుడేసీసినాక నన్నెవులడుగుతారు? సెట్టుకాడ కూకుని దాన్నే సూసుకోవాలా?"

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, కళ్ళల్లో మాత్రం నీళ్ళు నిండాయి. వంకాయ పోతే వంకాయ పోతుంది, కానీ ఒక మనిషిని ఊరంతా అడిగే చోటు కూడా పోతుందన్నది నాకు అప్పటిదాకా తట్టలేదు.

నా ముందే వదినా మరుదులు ఒక మాటకు వచ్చారు. ఈ ఒక్క పంట పొలమంతా నా వేరు మీద అంటు కట్టిన చారల వంగ. ఇవి కూడా పోతే సరుగుడు. సింహాచలం అప్పటికే సరుగుడు నారుకు చెప్పి ఉంచాడు కూడా.

నాట్ల రోజు నేను అక్కడే ఉన్నాను. అంటు అతికిన చోటు, అంటే మొక్క మెడ, మట్టికి పైన ఉండాలని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. అసిరమ్మ "అలగే" అంది. సింహాచలం నిద్ర కళ్ళతో తలూపాడు.

మట్టి ఎగదోత

ఆ ఊళ్ళో వంగకు మట్టి ఎగదోయడం ఒక చిన్న పండగ. ఏటి గాలికి మొక్కలు ఒరిగిపోతాయి కాబట్టి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి వరస వరసకూ మొదళ్ళకు మట్టి ఎక్కిస్తారు. పాటలు, పరాచికాలు, చివర్లో చోడి అంబలి, అంటే రాగి అంబలి. ఎవరి చేయి అన్నిటికంటే నిండుగా మట్టి వేసిందో చూసి, ఆ తోటలో కాసిన తొలికాయను ఆ చేతిలో పెడతారు. తొలికాయ అందుకోవడం అంటే ఆ ఊళ్ళో గొప్ప. అసిరమ్మ పుట్టింటి నుంచి వచ్చిన నాటినుంచి ప్రతి ఏడూ ఎవరో ఒకరి తోటలో తొలికాయ అందుకుంటూనే ఉంది. సింహాచలం ఒక్కసారీ అందుకోలేదు. ఎందుకందుకుంటాడు, మట్టి ముట్టుకుంటే కదా.

మొక్కలు బాగా అందుకున్నాయి. ఫోన్లో ఫొటోలు వచ్చేవి. నేను ఆఫీసులో అందరికీ చూపించి విసిగించేదాన్ని. తరువాత వాయుగుండం వచ్చింది, వాన ఆగింది, ఎండ కాసింది. కొన్నాళ్ళకు అసిరమ్మ ఫోన్ చేసింది.

"మేడమ్మా, వాడిపోతన్నాయి. మీ ఏర్లు కూడా ఓడిపోనాయి."

వేరుమొక్కకు పురుగు పట్టిందంటే నా ఇన్నేళ్ళ పని నీళ్ళపాలైనట్టే. అంతకంటే, ఆవిడ బజారు చోటు పోయినట్టే. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను కానీ దారిలో ఏమీ చూడలేదు.

బద్ధకస్తుడి తోట

అసిరమ్మ సగం ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. గడ్డి పోచ లేదు. వాన కొట్టేసిన మట్టిని మళ్ళీ ఎత్తి, ముందుకంటే ఎత్తుగా, నిండుగా గట్టులు కట్టారు. ఆ గట్టుల మీద మొక్కలు తలలు వేలాడేసుకుని నిలబడ్డాయి. గట్టు చివర తడి గోనెల కింద సరుగుడు నారు వచ్చి దిగి ఉంది. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

కాలవ దాటితే సింహాచలం సగం. గడ్డి మోకాలెత్తు. మట్టి చదునుగా, నాటిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, వాన కొంచెం కోసేసింది కూడా. కొన్ని మొక్కలు గాలికి పక్కకు వాలాయి. వాలినవాటితో సహా అన్నీ నల్లటి పచ్చదనంతో నిగనిగలాడుతున్నాయి. ఆకుల కింద చారల పిందెలు. పాక నీడలో మంచం మీద సింహాచలం ఫోన్లో పాటలు వింటున్నాడు.

"ఏం వేశావయ్యా దీనికి?" అన్నాను.

లేచి కూర్చున్నాడు. "ఏటీ ఎయ్యనేదు మేడమ్. నిజం. నాకు నడుం నొప్పి."

"ఆడికి పుట్టినకాణ్ణించీ నడుం నొప్పే" అంది అసిరమ్మ వెనకనుంచి.

అప్పుడు మా పీకుడు సారు గుర్తొచ్చాడు. బాగున్నది ఎందుకు బాగుందో ముందు చూడాలి. సింహాచలం తోటలో అన్నిటికంటే ఏపైన మొక్కను పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. అతను లబోదిబోమన్నాడు. వేళ్ళు కడిగి చూస్తే తెల్లగా, నున్నగా ఉన్నాయి. అసిరమ్మ వైపు వెళ్ళి వాడిన మొక్కను చేతులతో జాగ్రత్తగా తవ్వి తీశాను. కడిగి ఎత్తి పట్టుకున్నాను.

దానికి రెండు అంతస్తుల వేళ్ళున్నాయి. కింద నా వేరుమొక్క వేళ్ళు, కురచగానే ఉన్నాయి కానీ ఒక్క బుడిపె లేదు. పైన, మెడ దాటాక, మట్టిలో కూరుకుపోయిన వంగ తన సొంత వేళ్ళు దింపుకుంది. అవి నిండా బుడిపెలు. పై మొక్క వాటినే నమ్ముకుని కింది వేళ్ళను పస్తు పెట్టింది.

నేను ఆ బురదలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. నా వేరు ఓడిపోలేదు. వదినా మరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మేడమ్‌కు మతి పోయిందనుకుని ఉంటారు. ఇద్దరినీ కూర్చోబెట్టి రెండు మొక్కలూ పక్కపక్కన పెట్టి చూపించాను.

అసిరమ్మ ఆ మెడను వేలితో తడిమింది.

"మీరు సెప్పినారు, గురుతున్నాది. అయితే మేడమ్మా, మెడ బయటికెట్టీసి ఒగ్గీడమేటి? పైట నేని ఆడపిల్ల లాగ. ఇంతమంది వచ్చి మట్టెక్కిస్తంటే ఒద్దని ఎలాగ సెప్తాను? అసిరమ్మకి ఒల్లొంగడం నేదనుకోరా?"

నేను రెండు మొక్కలనూ ఆవిడకు ఇంకాస్త దగ్గరగా జరిపాను.

"అంటే ఆడు తొంగున్నందుకు పండినాది. నాను ఒల్లొంచినందుకు ఎండినాది. అంతేనా?"

"ఈ ఒక్క పనికి అంతే అసిరమ్మా."

ఆవిడ మూతి బిగించింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. పాక వైపు తిరిగి మరిదిని కిందినుంచి మీదిదాకా చూసి, "ఓలమ్మ, దేవుడు కూడా నీలాటోడేరా" అని పకపకా నవ్వేసింది. ఆ నవ్వు చూశాక నాకు ధైర్యం వచ్చింది.

ఇంకా మించిపోలేదని చెప్పాను. మట్టి ఎక్కించిన ఆడవాళ్ళనే మళ్ళీ పిలిచింది. గట్టులన్నీ చేతులతో దించారు, పై వేళ్ళను కత్తిరించారు, ప్రతి మొక్కకూ వెదురు కర్ర ఊతమిచ్చారు. పాటలు మాత్రం అవే పాడారు. మట్టి తీసే పాటలు ఎవరికీ రావుగా మరి.

తొలికాయ

కొన్ని వారాలకు అసిరమ్మ సగం చిగురు తొడిగింది. మరిది సగంలో కాయ కోతకు వచ్చింది. తొలికాయ రోజుకు నన్ను పిలిచారు. వెళ్ళేసరికి ఊరి ఆడవాళ్ళంతా గట్టు మీద ఉన్నారు. సరుగుడు నారు ఇంకా గోనెల కిందే ఉంది, సింహాచలం మొదళ్ళు మట్టిలో కప్పి తడుపుతూ ఉంచాడు. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. అసిరమ్మ కళ్ళూ అంతే. తన సగం తేరుకుంటోంది గానీ ఇంకా కాయలేదు. మాట ప్రకారం అడిగితే అతను ఇంకా సరుగుడు వేయొచ్చు.

తొలికాయ ఎవరి చేతికి అని ఒకావిడ అడిగింది. మట్టి వేసిన చేతికి కదా ఇవ్వాలి. ఆ ఏడు వేసినవాళ్ళే తీసేశారు. అందరూ అసిరమ్మ వైపు చూశారు.

అసిరమ్మ మొక్కల్లోకి దిగి, అన్నిటికంటే చక్కటి చారలున్న కాయను తొడిమతో సహా కోసింది. తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి సింహాచలం చేతిలో పెట్టింది.

"ఈ ఏడు మట్టెయ్యనోడికే తొలికాయ" అంది.

గట్టంతా గొల్లుమంది. సింహాచలం కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కాయను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"నాకెవులూ ఎప్పుడూ ఇవ్వనేదు వొదినా" అన్నాడు.

తరువాత కాయను తుండుగుడ్డలో కట్టుకుని, గోనెలు తీసి, సరుగుడు నారు ఒక మోపు ఎత్తి భుజాన వేసుకున్నాడు. అసిరమ్మ ముఖం పాలిపోయింది. అతను తోటలోకి రాలేదు. ఏటి వైపు గట్టు ఎక్కి, గాలి వచ్చే దిక్కున గునపంతో గోతులు తీయడం మొదలుపెట్టాడు. వరసగా సరుగుడు ఎదిగితే గాలి ఆగుతుంది, గాలి ఆగితే మొక్కలు ఒరగవు, ఒరగకపోతే మట్టి పని లేదు. పని తప్పించుకునే దారి అతనికి ఎవరూ నేర్పనక్కరలేదు.

"ఒరే, నీ నడుం నొప్పో?" అని కేకేసింది అసిరమ్మ.

అతను చెమట తుడుచుకుని నా వైపు చూశాడు. "మేడమ్, దీనికి మట్టెయ్యొచ్చా?"

"దీనికి వెయ్యొచ్చు" అన్నాను.

కొత్త పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మీరు తయారు చేసిన మొక్క ఎంత గట్టిదైనా, అది వెళ్ళే ఊళ్ళో ఏ పని చేస్తే గౌరవమో, ఏ పని మానితే నామోషీయో కూడా చూసుకోండి. ఒకసారి చెప్పి తలూపించుకుని బస్సెక్కకండి, మట్టి ఎక్కించే రోజున కూడా వెళ్ళండి. పచ్చటి మొక్కను పీకడానికి మొహమాటపడకండి. మంచి బ్లేడు వాడండి. మిగతావి మీకే తెలుస్తాయి.

మొన్న బొబ్బిలి నుంచి పనుండి రాజాం వెళ్ళాను. బజార్లో అసిరమ్మ చోటు ఖాళీగా ఉంది. పక్కన ఆకుకూరలమ్మే ఆవిడను, సంచి పట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన, "అసిరమ్మేది, రానేదేటి?" అని అడిగాడు. ఆయన వెళ్ళాక ఇంకొకరు అదే అడిగారు. ఒక మూలకు నిలబడి ఆ ప్రశ్న వింటూ ఉండిపోయాను. నా ఉద్యోగానికి వచ్చిన జీతం నాకు అక్కడ మళ్ళీ ఒకసారి ముట్టినట్టనిపించింది.

కాసేపటికి ఆటో వచ్చి ఆగింది. ముందు సింహాచలం తట్ట దించాడు, వెనక అసిరమ్మ దిగింది. గోనె పరుస్తూ తల ఎత్తి నన్ను చూసింది.

"మేడమ్మా, రండి, కూకోండి" అంది. "మెడలన్నీ బయటే ఉన్నాయి."